సగటు 4.8: ఆ ముగ్గురి జవాబు ఎక్కడ?

మన ఇంజనీరింగ్ కళాశాలల్లో నాలుగో సంవత్సరం చివరి వారాల్లో విద్యార్థుల చేత ఒక పత్రం నింపిస్తారు. ఎగ్జిట్ సర్వే అని దాని పేరు. నో డ్యూస్ సంతకాల కోసం లైబ్రరీకీ, ల్యాబులకీ, అకౌంట్స్ సెక్షనుకీ తిరిగే హడావిడిలో ఉన్న పిల్లవాడు దాన్ని రెండు నిమిషాల్లో ముగిస్తాడు. ఆ ప్రశ్నల మధ్య ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది: భిన్న నేపథ్యాల సభ్యులున్న బృందంలో సమర్థంగా పనిచేయగల శక్తి నాకు అలవడింది. దాని ఎదురుగా ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు. ఐదు మీద టిక్కు పడుతుంది. ఆ టిక్కులన్నీ కూడి, సగటు కట్టి, తన విద్యార్థులు వైవిధ్యానికి ఎంత విలువ ఇస్తున్నారో కళాశాల నాణ్యతా గుర్తింపు సంస్థకు అంకెల్లో చూపిస్తుంది.

ఆ అంకెను గురించే ఈ వ్యాసం.

లెక్క చూడండి. ఒక సెక్షనులో 60 మంది ఉన్నారనుకుందాం. అందులో ముగ్గురు ముస్లింలు. మిగిలిన 57 మంది ఐదేసి మార్కులు వేశారు. ఈ ముగ్గురూ, నాలుగేళ్లలో ఏ ప్రాజెక్టు బ్యాచులోకీ తమను ఎవరూ తమంతట తాము పిలవలేదన్న బాధతో, ఒక్కొక్క మార్కే వేశారు. 57 ఐదులు 285. మూడు ఒకట్లు 3. మొత్తం 288. దాన్ని 60తో భాగిస్తే 4.8 వస్తుంది. ఐదింట 4.8! ప్రిన్సిపాల్ సంతోషంగా సంతకం చేస్తారు. తనిఖీకి వచ్చిన బృందం తల పంకిస్తుంది. ఎవరి అనుభవాన్ని తెలుసుకోవడానికి ఆ ప్రశ్న పుట్టిందో ఆ ముగ్గురి జవాబు ఆ సగటును 0.2 మేర తగ్గించగలిగింది, అంతే. ఆ తేడాను గమనించి, ఎందుకొచ్చిందని అడిగే పరిశీలకుడు ఎవరు?

ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మంచిది. 2014 జూన్‌లో భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. ఎన్‌బీఏ టైర్ 1 గుర్తింపు ఉన్న ఇంజనీరింగ్ డిగ్రీని అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి సభ్య దేశాలు తమ డిగ్రీతో సమానంగా పరిగణించడం ఆ ఒప్పంద సారాంశం. దానికి ప్రతిగా మన పట్టభద్రుడు కొన్ని సామర్థ్యాలు సాధించి ఉండాలి. ఎన్‌బీఏ మొదట పన్నెండు ఫలితాలు నిర్దేశించింది. వాటిలో తొమ్మిదవది, వైవిధ్యం గల బృందాల్లో సభ్యుడిగానో నాయకుడిగానో పనిచేయగలగడం. 2021లో అంతర్జాతీయ ఇంజనీరింగ్ కూటమి తన ప్రమాణాలను సవరించినప్పుడు, వైవిధ్యం గల బృందాలు అన్నచోట అందరినీ కలుపుకొనే బృందాలు అన్న మాటను కూడా చేర్చింది. న్యాక్ వారి ఏడవ ప్రమాణం సాంస్కృతిక, ప్రాంతీయ, భాషా, మత, ఆర్థిక వైవిధ్యాల పట్ల సహనం, సామరస్యం పెంచడానికి సంస్థ ఏం చేస్తున్నదో 500 పదాల్లో వివరించమంది. మన కళాశాలలు ఆ 500 పదాలు రాసి, బతుకమ్మ ఫొటో ఒకటి, సంక్రాంతి ముగ్గుల ఫొటో ఒకటి, ఎప్పుడైనా జరిగి ఉంటే ఇఫ్తార్ ఫొటో ఒకటి జతచేస్తాయి. టోపీ పెట్టుకున్న ఒక విద్యార్థి ఆ ఫొటోలో ముందు వరుసలో ఉంటాడు. ఆ ఒక్కరోజు అతనికి ముందు వరుస తప్పదు.

కోర్సు ఫలితాల లెక్క కట్టేటప్పుడు పరీక్షల మార్కులకు 80 శాతం, సర్వేలకు 20 శాతం బరువు ఇవ్వడం చాలా కళాశాలల ఆనవాయితీ. ఆ 80 శాతంలో జరిగేది మరింత విచిత్రం. బృందంలో పనిచేయడమనే ఫలితాన్ని మేజర్ ప్రాజెక్టు మార్కులతోనూ ల్యాబు మార్కులతోనూ ముడిపెడతారు. ఒక బ్యాచులోని నలుగురూ ఒకే కులం వారు, ఒకే హాస్టల్ గది వారు, ఒకే కార్పొరేట్ జూనియర్ కళాశాల నుంచి వచ్చిన వారు అయినా సరే, వారి ప్రాజెక్టుకు వైవాలో మంచి మార్కులు పడితే వైవిధ్యం గల బృందంలో పనిచేసే సామర్థ్యం సాధించినట్టే కాగితం మీద నమోదవుతుంది. బ్యాచులో ఎవరెవరు ఉన్నారని ఆ లెక్కలో ఏ గడీ అడగదు. ఉష్ణోగ్రతను కొలవమంటే గోడ ఎత్తు కొలిచి తెచ్చినట్టుంది ఈ వ్యవహారం. ఇంజనీరింగ్ చదువు చెప్పేవాళ్లే ఈ పని చేయడం మరీ వింత. కొలిచే సాధనం సరైనదో కాదో ముందు పరీక్షించాలని మొదటి సంవత్సరం ల్యాబులోనే కదా నేర్పుతారు!

మనుషులు కాగితం మీద చెప్పేదానికీ ఎదురుపడితే చేసేదానికీ మధ్య దూరముందని సామాజిక శాస్త్రవేత్తలు గుర్తించి దాదాపు తొంభై ఏళ్లయింది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ లాపియర్ 1930ల ప్రారంభంలో ఒక చైనా యువ దంపతులతో కలిసి ఆ దేశమంతా తిరిగాడు. వారు వెళ్లిన హోటళ్లు, భోజనశాలలు, బస చోట్లు 251. కాదు పొమ్మన్నది ఒక్కచోటే. ఆ తరువాత అవే చోట్లకు ఉత్తరం రాసి, చైనా జాతీయులను అతిథులుగా అంగీకరిస్తారా అని అడిగితే, జవాబిచ్చిన వారిలో నూటికి తొంభై మందికి పైగా అంగీకరించం అన్నారు. కాగితం మీద ద్వేషం, ఎదురుగా మర్యాద. మన దగ్గర ఇది తలకిందులైంది. కాగితం మీద అందరూ సోదరులే. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, గదిలో తోడుగా ఉండే వాణ్ణి ఎంచుకోవలసి వచ్చినప్పుడు, ప్రాజెక్టు బ్యాచు కట్టవలసి వచ్చినప్పుడు పేరు అడుగుతారు. ఏ దిక్కు నుంచి చూసినా తేలేది ఒక్కటే. నీకు సహనం ఉందా అని సహనం లేనివాణ్ణి అడిగితే నిజం బయటపడదు. పైగా ఆ పత్రం మీద రోల్ నంబరు ఉంటుంది, దాన్ని తీసుకునేది ఇంటర్నల్ మార్కులు వేసే అధ్యాపకుడే. ముస్లిం విద్యార్థి కూడా ఐదు మీదే టిక్కు పెడతాడు. కనుక పైన నేను వేసిన 4.8 లెక్క కూడా ఉదారమైనదే, ఆ ముగ్గురూ ధైర్యం చేసి ఒకటి వేశారనుకున్నాను గనుక.

అమెరికాలో ఇంజనీరింగ్ విద్య మీద పనిచేసే కొందరు పరిశోధకులు ఇంతకంటే మెరుగైన ప్రశ్నావళిని ఇంజనీరింగ్ విద్యార్థుల కోసమే తయారు చేశారు. వైవిధ్యానికి విలువ ఇవ్వడాన్నీ, కలుపుగోలుతనాన్ని ఆచరించడాన్నీ వారు వేరు చేశారు. విలువ ఎందుకివ్వాలంటే సమాజానికి మేలు జరగాలని ఒకటి, వినియోగదారులకు మెరుగైన సేవ అందాలని ఒకటి. ఆచరణలో పని చోట ఆరోగ్యకరమైన వాతావరణం కల్పించడం ఒకటి, వివక్ష కనబడితే ఎదిరించడం మరొకటి. ఈ నాలుగింటినీ విడివిడిగా కొలవడం వల్ల ఒక మేలుంది. కంపెనీ లాభానికి వైవిధ్యం పనికొస్తుందని ఒప్పుకునే విద్యార్థి, తన స్నేహితుడు తోటివాణ్ణి అవమానించినప్పుడు అడ్డుపడతానని కూడా చెబుతాడా అన్నది తెలుస్తుంది. మొదటి మాట చెప్పడం చాలా సులువు. రెండవది చెప్పడానికి కాస్త ఆలోచించాలి. మన ఎగ్జిట్ సర్వేలో ఆ రెండవ ప్రశ్న ఛాయామాత్రంగా కూడా లేదు. అయినా ఆ అమెరికన్ ప్రశ్నావళి కూడా విద్యార్థి తన గురించి తాను చెప్పుకునేదే. దాన్ని తెచ్చి ఇక్కడ అనువదించి పంచినంత మాత్రాన పని జరగదు. వైవిధ్యం అనే మాట వినగానే అక్కడి విద్యార్థికి జాతి, స్త్రీపురుష భేదం గుర్తొస్తాయి. ఇక్కడి విద్యార్థికి ఉత్తరాది నుంచి వచ్చిన సహాధ్యాయి, అమ్మాయిల శాతం గుర్తొస్తాయి. కులం, మతం ఆ మాట వెనుక హాయిగా దాక్కుంటాయి. పేరు పెట్టి అడగని ప్రశ్నకు పేరు పెట్టి జవాబు రాదు.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. మన రెండు రాష్ట్రాల నుంచి ఏటా వేలాది మంది ఎంఎస్ చదువుకు అమెరికా వెళతారు. అక్కడ అడుగుపెట్టిన మరుక్షణం వారూ మైనారిటీయే. రంగును బట్టి, యాసను బట్టి, వీసాను బట్టి తమను తక్కువ చేస్తే ఎంత నొప్పిగా ఉంటుందో వారికి వెంటనే తెలిసిపోతుంది. వివక్ష అన్న మాట అక్కడ వారి నోట ధారాళంగా వస్తుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర పాలక మండలి కుల వివక్షను నిషేధించినప్పుడు మాత్రం, అక్కడి భారతీయుల్లో కొందరు అది తమకే అవమానమని వాపోయారు. వైవిధ్యం తమకు కావాలి, తమ నుంచి మాత్రం ఎవరూ ఆశించకూడదు! ఆ బుద్ధి విమానం ఎక్కాక పుట్టింది కాదు. నాలుగేళ్ల బీటెక్‌లో ఎవరూ తూచని బుద్ధి అది.

మరి దీన్ని కొలవడం సాధ్యమేనా? సాధ్యమే. మన దేశంలోనే చేసి చూపించారు. ఢిల్లీలో 2007 నుంచి సంపన్నుల ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు కొన్ని ఉచిత సీట్లు ఇవ్వవలసి వచ్చింది. ఆ మార్పు సంపన్నుల పిల్లల మీద ఏ ప్రభావం చూపిందో ఆర్థికవేత్త గౌతమ్ రావు పరిశీలించారు. 2019లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఆయన పిల్లల్ని పేదల పట్ల మీ అభిప్రాయమేమిటి అని అడిగి ఊరుకోలేదు. రిలే పరుగు పందెం పెట్టి, బహుమతి పెట్టి, మీ జట్టులోకి ఎవరిని తీసుకుంటారో ఎంచుకోమన్నారు. పేద సహాధ్యాయులు లేని పిల్లల్లో కొందరు, వేగంగా పరుగెత్తే పేద పిల్లవాణ్ణి కాదని నెమ్మదిగా పరుగెత్తే తమలాంటి వాణ్ణే ఎంచుకున్నారు. పేద పిల్లలతో ఒకే తరగతిలో చదివిన వారిలో ఆ వివక్ష తగ్గింది. బహుమతి సొమ్ము పెరిగిన కొద్దీ వివక్ష తగ్గిందని కూడా ఆ అధ్యయనం చెప్పింది. అంటే పక్షపాతానికి ఎంత మూల్యం చెల్లించడానికి మనిషి సిద్ధపడతాడో కూడా కొలవవచ్చు.

ఇంజనీరింగ్ కళాశాలలో ఆ పరుగు పందెం ప్రతి ఏడూ జరుగుతూనే ఉంది. దాని పేరు మేజర్ ప్రాజెక్టు. ముగ్గురు, నలుగురు చొప్పున మీకు మీరే బ్యాచులు కట్టుకోండి అంటారు హెచ్‌ఓడీ గారు. నోటీసు బోర్డు మీద బ్యాచుల జాబితా అతికిస్తారు. ఆ జాబితాయే అసలైన కొలమానం. 80 శాతం సబ్జెక్టుల్లో మంచి గ్రేడ్లున్న ముస్లిం అమ్మాయి చివరికి మిగిలిపోయిన వాళ్ల బ్యాచులోకి ఎందుకు వెళ్లింది? అధ్యాపకుడే బ్యాచులు వేసిన సంవత్సరానికీ, విద్యార్థులే కట్టుకున్న సంవత్సరానికీ తేడా ఎంత? హాస్టల్‌లో గది మార్పు కోసం వచ్చిన అర్జీల్లో ఎన్ని ఏ గదుల నుంచి వచ్చాయి? సీఆర్‌లుగా ఎవరు ఎన్నికయ్యారు? మిడ్ పరీక్షలు శుక్రవారం జుమా వేళకు ఎన్నిసార్లు పడ్డాయి? వీటిలో ఒక్కదానికీ కొత్త సర్వే అక్కర్లేదు. కాగితాలన్నీ కళాశాల బీరువాలోనే ఉన్నాయి.

కళాశాల గేటు దాటాక ఏమవుతుందో చెప్పే కొలతలు కూడా ఉన్నాయి. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ప్రైవేటు సంస్థల 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానం. తేడా పేర్లలోనే. అగ్రవర్ణ హిందువు పేరున్న దరఖాస్తుతో పోలిస్తే ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.33, దళితుని పేరుకు 0.67. ఆ దరఖాస్తులను పక్కన పడేసిన అధికారులందరూ చదువుకున్న వారే. వారిలో ఎవరినైనా మీరు వైవిధ్యాన్ని గౌరవిస్తారా అని అడిగి ఉంటే ఐదుకు ఐదు వేసేవారు.

ఇదంతా మనసులు నొచ్చుకునే వ్యవహారమే అనుకుంటే పొరపాటు. ఇంజనీరు చేతిలో జనం బతుకులుంటాయి. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్‌తో వివిధ శాఖల సమాచారాన్ని కలిపి, ఎవరు పేదలో ఎవరు కారో తేల్చే పని పెట్టుకుంది. రేషన్ కార్డుల వడపోతకు అది వాడారు. 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధన కథనంలో హైదరాబాదుకు చెందిన ఒక రిక్షా కార్మికుని కుటుంబం ఉంది. అతని పేరును, దానికి దగ్గరగా ఉన్న మరొకరి పేరుతో యంత్రం కలిపేసింది. ఆ మరొకరికి కారుంది. కారున్న వాడికి రేషనెందుకు? కార్డు పోయింది. అతను చనిపోయాక అతని భార్య ఆ కార్డు కోసం ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ, ఆ తరువాత కోర్టుకూ తిరగవలసి వచ్చింది. మన పేర్లలో సయ్యద్, షేక్, మహమ్మద్, అలీ ఎంత తరచుగా వస్తాయో మనకు తెలుసు. ఒకే వీధిలో ఆరుగురు షేక్ మహబూబ్‌లు ఉండగలరు. ఇంటి పేరు ముందుండే తెలుగు పద్ధతి వేరు, మన పద్ధతి వేరు. పేర్ల పోలిక చూసే ప్రోగ్రాము రాసే బృందంలో ఒక్క ముస్లిం ఇంజనీరున్నా, ఉన్నవాడి మాట వినే అలవాటు మిగిలిన వారికున్నా, ఈ లోపం మొదటి సమీక్షలోనే బయటపడేది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమనవలసి వచ్చింది. ముఖాలను గుర్తించే యంత్రాల సంగతీ ఇంతే. ముఖం చూసి స్త్రీయో పురుషుడో చెప్పడంలో ప్రసిద్ధ సంస్థల సాఫ్ట్‌వేర్లు తెల్లని పురుషుల విషయంలో ఒక శాతం కూడా తప్పు చేయకుండా, నల్లని స్త్రీల విషయంలో గరిష్ఠంగా 34 శాతానికి పైగా తప్పు చేస్తున్నాయని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. ముఖాలను గుర్తించే యంత్రాల కోసమే మన పాతబస్తీ వీధుల్లో పోలీసులు ముఖాలు ఫొటోలు తీస్తున్నారన్న ఫిర్యాదు మీద 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

కొలవండి అని అడిగింది మనమే, అదీ చాలా ముందుగా. 2005 మార్చిలో నియమితమై 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ ఐఐటీల్లోని 27,161 మంది విద్యార్థుల్లో ముస్లింలు 894 మందే అని లెక్క చెప్పింది. నూటికి ముగ్గురు. పైన నేను ఊహించుకున్న 60 మంది సెక్షనులో ముగ్గురు అన్నది దానికంటే మెరుగైన స్థితే! అదే కమిటీ వైవిధ్య సూచిక తయారు చేయమంది. విశ్వవిద్యాలయాలకు యూజీసీ ఇచ్చే నిధుల్లో కొంత భాగాన్ని విద్యార్థుల వైవిధ్యంతో ముడిపెట్టమంది. ఆ సూచికను రూపొందించడానికి అమితాబ్ కుందూ అధ్యక్షతన నిపుణుల బృందం ఏర్పడి 2008లో నివేదిక ఇచ్చింది. చదువు, ఉద్యోగం, నివాసం అనే మూడు రంగాల్లో మతం, కులం, స్త్రీపురుష భేదాలను బట్టి సంస్థలను తూచే పద్ధతి అందులో ఉంది. ఆ నివేదిక దుమ్ము పట్టింది. అప్పటి నుంచి ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, ఆ దుమ్ము దులిపిన వారు లేరు. ఈ విషయంలో ఎవరి చేతులూ శుభ్రంగా లేవు. మైనారిటీ సంక్షేమం గురించి ఎన్నికల సభల్లో గొంతు చించుకున్నవారు కూడా కేంద్రంలో అధికారంలో ఉన్నప్పుడు ఆ ఆరేళ్లలో దాన్ని చట్టం చేయలేదు.

ఈలోగా అంకెలు ఏ దిశలో పోయాయో ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వేయే చెబుతోంది. 2019-20లో దేశంలో ఉన్నత విద్యలో ఉన్న ముస్లింలు 21 లక్షలు, మరుసటి ఏడు 19.21 లక్షలు. మొత్తం విద్యార్థుల్లో 4.6 శాతం. 2011 జనాభా లెక్కల్లో మన వాటా 14.2 శాతం. ఆ తరువాతి ఏడు సంఖ్య మళ్లీ 21 లక్షలకు చేరినా, వాటా ఐదు శాతాన్ని తాకలేదు. 2022 డిసెంబరులో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు కేంద్రం పార్లమెంటులో ప్రకటించింది. మన రెండు రాష్ట్రాల్లో 2007 చట్టం ప్రకారం వచ్చిన బీసీ-ఈ నాలుగు శాతం కోటా, 2010లో హైకోర్టు కొట్టివేసినా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల నీడలో నడుస్తోంది. ఆ నాలుగు శాతమే లేకపోతే కన్వీనర్ కోటాలో మన పిల్లల సంఖ్య ఎంతకు పడిపోయేదో కౌన్సెలింగ్‌కు వెళ్లిన ప్రతి తండ్రికీ తెలుసు.

సీటు రావడం మొదటి మెట్టే. ఆ సీటులో కూర్చున్న పిల్లవాడికి నాలుగేళ్లు ఎలా గడిచాయన్నదే మనం అడుగుతున్న కొలత.

విద్యార్థులను మతం వారీగా లెక్కించడం సమాజాన్ని చీల్చడమేనని కొందరు పెద్దలు అంటారు. ప్రవేశ దరఖాస్తులో మతం గడి ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంటు పత్రంలో ఉంది. ఏటా ప్రతి కళాశాల కేంద్రానికి పంపే ఉన్నత విద్యా సర్వే పత్రంలో ముస్లిం మైనారిటీ విద్యార్థులు ఎందరని ఒక నిలువు వరుసే ఉంది. లెక్కపెట్టడం ఎప్పటి నుంచో జరుగుతోంది. లెక్కపెట్టాక ప్రశ్నించడమే చీలికగా కనిపిస్తోంది వారికి.

మన ఇళ్లలో నుంచి వచ్చే అభ్యంతరం వేరు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పిల్లవాడు నిజం రాస్తే ఎవరు రాశారో తెలిసిపోదా అని తల్లులు భయపడతారు. సెక్షనులో ముగ్గురే ఉన్నప్పుడు పేరు రాయకపోయినా జవాబును బట్టి మనిషిని పట్టుకోవచ్చు. ఇది నిజమైన ప్రమాదం. అందుకే ఈ ప్రశ్నలు కళాశాల అడగకూడదు. కళాశాల తనకు తానే మార్కులు వేసుకునే పద్ధతి ఎలాగూ పోవాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాల స్థాయిలో, బయటి పరిశోధకుల చేత, రోల్ నంబరు లేకుండా, ఫలితాలు వచ్చేశాక అడిగించాలి. అనేక కళాశాలల జవాబులు కలిపితే ముగ్గురు మూడు వందలవుతారు, ఆ గుంపులో ఎవరి ముఖమూ కనబడదు. కలిపిన తరువాత మళ్లీ అందరి సగటులో ముంచకూడదు. ముస్లింల, దళితుల, గిరిజనుల, అమ్మాయిల జవాబులను వేరు వేరు వరుసల్లో ముద్రించాలి. మిగిలిన వారి జవాబుకూ వీరి జవాబుకూ మధ్య ఉన్న దూరమే ఆ కళాశాలల సమూహానికి వచ్చిన మార్కు. దూరం ఎంత తగ్గితే అంత మెరుగు.

ఇతరులను తూచమని అడిగేవారు తామూ త్రాసులో కూర్చోవాలి. హైదరాబాదులో 1980లో ముఫఖంజా, 1984లో దక్కన్ ఇంజనీరింగ్ కళాశాలలు రాకపోయి ఉంటే రెండు తరాల ముస్లిం ఇంజనీర్లు ఉండేవారు కాదు. ఆ తరువాత మన సొసైటీలు నడిపే కళాశాలలు ఇంకా చాలా వచ్చాయి. అక్కడ చదివే హిందూ విద్యార్థినో క్రైస్తవ విద్యార్థినో ఇవే ప్రశ్నలు అడిగితే ఏం జవాబొస్తుంది? మన నిర్వాహకుల్లో ఎందరు దాన్ని ప్రచురించడానికి సిద్ధం? ఇంకా లోపలికి వెళితే, మన పిల్లల్లోనే ఉర్దూ రాని దూదేకుల కుర్రవాణ్ణి ఎగతాళి చేసేవారున్నారు. పల్లె నుంచి వచ్చి తెలుగులోనే ఆలోచించే షేక్ అమ్మాయిని నువ్వు ముస్లిమువేనా అని అడిగేవారున్నారు. ఇంట్లో ఫకీరు, హజాం అన్న మాటలను తిట్లుగా వాడే కుటుంబాలున్నాయి. మన మధ్య ఇలాంటి సర్వే జరిగి, అందులో దూదేకుల, ఖురేషీ, ఫకీరు కుటుంబాల పిల్లల జవాబులను వేరు వరుసలో ముద్రిస్తే మనకు ఎన్ని మార్కులు వస్తాయో ఆలోచించుకోవాలి. ఆ వరుస లేకుండా మన డిమాండు సగం నోటితో అడిగినట్టే ఉంటుంది.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనలు మత వివక్షను కూడా వివక్షగానే నిర్వచించి, ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలన్నాయి. మీ బిడ్డ చదువుతున్న కళాశాలలో ఆ అధికారి పేరేమిటో అడగండి. అడిగితే రెండు గదులు తిప్పి చివరికి ర్యాగింగ్ కమిటీ బోర్డు చూపించే కళాశాలలే ఎక్కువ. ప్రైవేటు కళాశాల సమాచార హక్కు చట్టం తనకు వర్తించదని చెప్పవచ్చు. కానీ అది విశ్వవిద్యాలయానికీ ఉన్నత విద్యా మండలికీ పంపిన ప్రతి కాగితమూ ఆ కార్యాలయాల్లో ఉంది, అక్కడ ఆ చట్టం వర్తిస్తుంది. గత ఐదేళ్లలో అనుబంధ కళాశాలల్లో బ్రాంచీల వారీగా ముస్లిం విద్యార్థులు ఎందరు చేరారు, ఎందరు డిగ్రీ పూర్తి చేశారు, వివక్ష మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి అన్న నాలుగు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి, పది రూపాయల రుసుముతో పౌర సమాచార అధికారికి పంపడానికి ఏ సంఘం అనుమతీ అక్కర్లేదు. ఫిర్యాదులు సున్నా అని జవాబు వస్తే సంతోషించవద్దు. ఫిర్యాదు తీసుకునే అధికారి ఉన్నాడా అని రెండవ దరఖాస్తు వేయండి.

వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో తల్లిదండ్రులు ప్లేస్‌మెంటు శాతం అడుగుతారు, బస్సు సౌకర్యం అడుగుతారు, ఫీజు బకాయిలుంటే సర్టిఫికెట్లు ఆపుతారా అని అడుగుతారు. ఈసారి ఆ జాబితాలో ఇంకొకటి చేర్చండి. మేజర్ ప్రాజెక్టు బ్యాచులను ఎవరు వేస్తారు, నిరుటి బ్యాచుల జాబితా ఒకసారి చూపిస్తారా?